‘లెక్కలు రాకపోయినా పర్లేదు, లాజిక్ ఉంటే కోడ్ రాసేయొచ్చు’ – ఈ మాటలో నిజమెంత?

సెమికోలన్ · సోమవారం రాత్రి 9:12

బీటెక్ థర్డ్ ఇయర్, సీఎస్ఈ. సీనియర్లు, కోచింగ్ వాళ్లు, ఇంటర్వ్యూ వీడియోలు – అందరిదీ ఒకే పాట: "మ్యాథ్స్ అక్కర్లేదు, లాజిక్ పెంచుకో." డిస్క్రీట్ మ్యాథ్స్ సారేమో లాజిక్ అంటేనే మ్యాథ్స్ అని మొదటి క్లాసులోనే బోర్డు నిండా సత్యపట్టికలు (ఏ వాక్యాలు కలిస్తే ఎప్పుడు నిజం, ఎప్పుడు అబద్ధం అని చూపే పట్టికలు) గీశారు. ఆ పట్టికలకీ నేను రాసే ఫర్ లూప్‌కీ చుట్టరికం ఏంటో నాకు అంతుబట్టలేదు. లాజిక్ గణితంలో భాగమా, గణితమే లాజిక్‌లో భాగమా? ప్రోగ్రామింగ్ ఎవరి తాలూకు? పరీక్ష కోసం కాదు, నిజంగానే తెలుసుకోవాలని అడుగుతున్నా.

పుల్లవిరుపు · 9:20

కోచింగ్ వాళ్ల లెక్కలో లాజిక్ అంటే నక్షత్రాలతో పిరమిడ్ ప్రింట్ చేయడం. దానికి అరిస్టాటిల్ దాకా వెళ్లక్కర్లేదులే.

నైట్‌షిఫ్ట్ · 9:41

పదేళ్లుగా డేటాబేస్‌లతోనే కాపురం. లాజిక్ వేరు, లెక్కలు వేరు అనేవాళ్లందరికీ నేను వేసే ప్రశ్న ఒకటుంది. ఉద్యోగుల టేబుల్ ఉంది. అందులో ఐడీ, పేరు, మేనేజర్_ఐడీ అని మూడు కాలమ్‌లు. మేనేజర్లు కానివాళ్ల పేర్లు కావాలి. ఎవరైనా రాసే క్వెరీ (డేటాబేస్‌ను అడిగే ప్రశ్న) ఇదే:

సెలెక్ట్ పేరు ఫ్రమ్ ఉద్యోగులు
వేర్ ఐడీ నాట్ ఇన్ (సెలెక్ట్ మేనేజర్_ఐడీ ఫ్రమ్ ఉద్యోగులు)

చదివితే తప్పు పట్టడానికేం లేదు. నడిపితే ఒక్క వరస కూడా రాదు. ఎర్రర్ ఉండదు, వార్నింగ్ ఉండదు, ఖాళీ జవాబు. ఒకచోట ఇలాంటి క్వెరీ మీద తయారైన రిపోర్ట్ నెలనెలా ఖాళీగా వెళ్తుంటే "ఈసారి కూడా ఎవరూ లేరన్నమాట" అనుకుంటూ కూర్చున్నారు.

ఎందుకు రాలేదో చెప్పండి చూద్దాం.

సెమికోలన్ · 9:50

అన్నా, కంపెనీ యజమానికి పైన మేనేజర్ ఉండడు కదా, అక్కడ నల్ (విలువ లేదు అనే గుర్తు) ఉంటుంది. అదేనా?

నైట్‌షిఫ్ట్ · 9:58

అదే. ఇప్పుడు విప్పి చూడు. లోపలి జాబితా (3, 5, నల్) అనుకో. ఐడీ 7 ఉన్నవాడు అందులో లేడా? డేటాబేస్ ఇలా అడుగుతుంది: 7 ≠ 3, మరియు 7 ≠ 5, మరియు 7 ≠ నల్. మొదటి రెండూ నిజం. మూడోది నిజమూ కాదు, అబద్ధమూ కాదు, ‘తెలియదు’. నిజం మరియు తెలియదు అంటే తెలియదు. వేర్ దగ్గర నిజం అని తేలిన వరసలకే ప్రవేశం. కాబట్టి 7 బయటే. 8 బయటే. అందరూ బయటే.

‘వేర్ వయసు = 30 ఆర్ వయసు <> 30’ అని రాసి చూడు, వయసు నల్ ఉన్నవాళ్లు రారు. నీ సార్ గీసిన సత్యపట్టికకు రెండు విలువలు. మా డేటాబేస్ పట్టికకు మూడు. చుట్టరికం ఇక్కడ మొదలు.

లెక్కలమేష్టారు · 10:25

ఇంటర్ కాలేజీలో గణితం చెప్పి రిటైరైనవాణ్ణి. అమ్మా, నువ్వు వేసిన ప్రశ్న మీద ఒక తరం గణితవేత్తలు బతుకులు ధారపోశారు. వరస చెబుతాను, ఓపిగ్గా చదువు.

మా రోజుల్లో పదో తరగతి గణితం ‘ప్రవచనాలు – సమితులు’తోనే మొదలయ్యేది. ప్రతి ప్రవచనమూ సత్యమో అసత్యమో ఏదో ఒకటి, రెండూ కాదు, మూడోది లేదు అని తొలి పాఠంలోనే రాయించేవాళ్లం. ఆ మూడో విలువను 1920లో పోలండ్‌లో లుకాసియేవిచ్ పట్టుకొచ్చాడు. నైట్‌షిఫ్ట్ గారు చూపించిన పట్టిక క్లీన్ అనే అమెరికన్ తార్కికుడు 1938లో ఇచ్చినదానితో సరిపోతుంది.

ఇక భాగం సంగతి. 1847లో జార్జ్ బూల్ తర్కాన్ని బీజగణితంలా రాయొచ్చని చూపించాడు. 1854లో దాన్ని పెద్ద గ్రంథంగా విస్తరించాడు. అప్పుడు తర్కం గణితం గడప తొక్కింది. ఆయన సమకాలికుడే డీ మోర్గాన్. పుట్టింది మదురైలో, 1806లో, తండ్రి ఈస్టిండియా కంపెనీ కొలువులో ఉండగా. ఇఫ్‌లో షరతును తిరగేసేటప్పుడు ‘అండ్’ని ‘ఆర్’ చేస్తావే, అది ఆయన సూత్రం.

తర్వాత జర్మనీలో ఫ్రేగే పూర్తిగా ఎదురు దారి పట్టాడు. అంకగణితం మొత్తాన్నీ తర్కం నుంచే పుట్టిస్తానన్నాడు. ఆయన రెండో సంపుటం అచ్చులో ఉండగా 1902లో రస్సెల్ నుంచి ఉత్తరం వచ్చింది. తమలో తాము సభ్యులు కాని సమితులన్నిటినీ ఒక సమితిగా కూర్చితే, అది తనలో తాను సభ్యురాలా? అవునంటే కాదు, కాదంటే అవును. అంతే, కట్టడం కూలింది. రస్సెలూ వైట్‌హెడూ 1910–13 మధ్య మూడు సంపుటాల్లో దాన్ని మళ్లీ లేపారు. ఒకటీ ఒకటీ రెండు అన్న మాట దగ్గరికి రావడానికి మొదటి సంపుటంలోనే మూడొందల పేజీలు దాటాల్సి వచ్చింది. 1931లో గోడెల్ ఇంకో దెబ్బ కొట్టాడు. అంకగణితం పట్టేంత బలం ఉండి, వైరుధ్యం లేకుండా, రుజువును యాంత్రికంగా సరిచూడగలిగిన ఏ పద్ధతిలోనైనా రుజువుకు అందని నిజాలు మిగులుతాయి. కనుక గణితం తర్కంలో ఒక ముక్క అనే పక్షానికి నేను ఓటు వెయ్యను.

ప్రోగ్రామింగ్ పుట్టిల్లు కూడా ఇక్కడే ఉంది. ఇచ్చిన ప్రవచనం రుజువవుతుందో లేదో తేల్చే యాంత్రిక పద్ధతి ఉందా అని 1928లో హిల్బర్ట్ అడిగాడు. లేదని 1936లో చర్చి, ట్యూరింగ్ విడివిడిగా చెప్పారు. ‘లేదు’ అనాలంటే ముందు ‘యాంత్రిక పద్ధతి’ అంటే ఏమిటో గీత గీసి చెప్పాలి కదా. ట్యూరింగ్ గీసిన ఆ గీతే మీ కంప్యూటర్‌కు నమూనా. మరుసటేడు షానన్ అమెరికాలో తన మాస్టర్స్ థీసిస్‌లో బూల్ బీజగణితాన్ని రిలే స్విచ్‌లకు అన్వయించాడు.

పుల్లవిరుపు · 10:31

మేష్టారూ, పది మార్కులకు పదీ వేశాను. కానీ మా ఆఫీసులో ఫ్రేగే ఎవరో తెలియనివాళ్లు బంగారంలాంటి కోడ్ రాస్తున్నారు. చరిత్ర ఉన్నంత మాత్రాన అవసరం ఉన్నట్టా?

డల్లాస్‌బాబాయ్ · 10:55

జావా మొదటి వెర్షన్ల నాటి నుంచీ ఇదే పని. పుల్లవిరుపు మాటలో సగం నిజం ఉంది. మిగతా సగానికి ఒక కథ చెబుతా.

బైనరీ సెర్చ్ అందరికీ తెలిసిందే. వరసలో పెట్టిన అర్రేలో (విలువల జాబితాలో) సగానికి సగం కొట్టేస్తూ పోవడం. జాన్ బెంట్లీ తన ‘ప్రోగ్రామింగ్ పెర్ల్స్’లో దాన్ని రాసి, సరైనదే అని రుజువు చేసి మరీ చూపించాడు. కార్నెగీ మెలన్‌లో ఆయన పాఠం విన్న జాషువా బ్లాక్ తర్వాతి కాలంలో జావా లైబ్రరీకి బైనరీ సెర్చ్ రాశాడు. దాదాపు తొమ్మిదేళ్లు ప్రపంచమంతా వాడింది. 2006లో బ్లాకే బయటపెట్టాడు: అందులో బగ్ ఉంది, బెంట్లీ రుజువు చేసిన ప్రోగ్రామ్‌లోనూ అదే బగ్ ఉంది అని. తప్పంతా ఈ ఒక్క లైనులో:

మిడ్ = (లో + హై) / 2

లో, హై అంటే వెతుకుతున్న భాగం మొదటి, చివరి స్థానాలు. అంకెలు వేసి చూడండి. లో = 120 కోట్లు, హై = 140 కోట్లు. రెండూ 32 బిట్ల ఇంట్‌లో (పూర్ణాంకం దాచే డబ్బాలో) పడతాయి, దాని హద్దు 2147483647. కూడితే 260 కోట్లు, హద్దు దాటింది. ఎర్రర్ రాదు. మీటర్ చుట్టు తిరిగినట్టు −1694967296 అవుతుంది. సగం చేస్తే −847483648. మైనస్ ఎనభై నాలుగు కోట్ల చిల్లర స్థానంలో ఏముందని అర్రేను అడిగితే ఏం చెబుతుంది? ప్రోగ్రామ్ అక్కడికక్కడే కూలుతుంది. బెంట్లీ పుస్తకం వచ్చిన 1986లో అంత పెద్ద అర్రే ఎవరి మెషీన్లోనూ పట్టేది కాదు, కాబట్టి ఎవరికీ తగల్లేదు.

మందు చిన్నదే: మిడ్ = లో + (హై − లో) / 2.

నేను అడిగేది ఇదీ. రుజువు తప్పా? పూర్ణాంకాల మీద చూస్తే అక్షరం తప్పు లేదు. ఆ రుజువు ఉన్న లోకంలో అంకెలకు హద్దు లేదు, మెషీన్లో ఉంది. ఇదే పాయింట్ మీద ఆఫీసులో వాదన వస్తే "చూశావా, మ్యాథ్స్ పనికిరాదు" అంటారు కుర్రాళ్లు. నాకు మటుకు ఉల్టాగా అనిపిస్తుంది. 2^32తో భాగించి శేషం పట్టుకునే అంకగణితమూ గణితమేగా. ఏ గణితంలో నిలబడ్డావో తెలియకపోవడమే అక్కడ గొడవ.

తర్కవితర్కం · 11:20

బాబాయ్ చెప్పింది బాగుంది. నేను టైప్ థియరీలో పీహెచ్‌డీ చేస్తున్నా, దీనికి ఒక కొస తగిలిస్తా. కంప్యూటర్ శాస్త్రవేత్త కనూత్ 1977లో ఒక మెమో చివర రాసిన మాట మా ల్యాబ్‌లో గోడ మీద ఉంది. ‘పై కోడ్‌లో బగ్‌లుంటాయి, జాగ్రత్త. సరైనదని రుజువు చేశానంతే, నడిపి చూడలేదు’ అని దాని భావం.

ఇంట్ సంగతి పక్కన పెట్టినా గణితానికీ కోడ్‌కీ ఇంకో తేడా ఉంది: వరస. తర్కంలో ‘ప మరియు ఫ’ అన్నా ‘ఫ మరియు ప’ అన్నా ఒకటే. కోడ్‌లో:

ఇఫ్ (పేరు != నల్ && పేరు.లెంగ్త్() > 0)

మధ్యలో ఉన్న గుర్తు ‘మరియు’. ఈ రెంటినీ అటూ ఇటూ మార్చి నడుపు, పేరు నల్ అయిన రోజు పేలుతుంది. గణితంలో కాలం లేదు, కోడ్‌లో ఉంది. ముందు ఏది జరిగిందన్నది లెక్కలోకి వస్తుంది. దశాంశాలకైతే కూడిక సూత్రాలు కూడా చెల్లవు. (0.1 + 0.2) + 0.3 వేస్తే 0.6000000000000001, 0.1 + (0.2 + 0.3) వేస్తే 0.6.

అయితే ఇంత దూరం ఉన్న ఇద్దరూ ఒకచోట అచ్చు గుద్దినట్టు కలుస్తారు, నేను ఈ చదువులో పడింది అందుకే. ‘ప అయితే ఫ’ అన్న ప్రవచనానికి రుజువు అంటే ఏంటి? ప రుజువు చేతికిస్తే ఫ రుజువు తయారుచేసి ఇచ్చే పద్ధతి. ప తీసుకుని ఫ ఇచ్చే ఫంక్షన్ అంటే ఏంటి? అదే! ‘ప నిజం, ప అయితే ఫ నిజం, కాబట్టి ఫ నిజం’ అనే మెట్టు ఫంక్షన్‌ను పిలవడం. ‘మరియు’ అంటే రెండు విలువల జత. గణితానుగమనం అంటే రికర్షన్ (ఫంక్షన్ తనను తానే పిలుచుకోవడం). దీని మొదటి ఛాయ 1934లో కర్రీకి కనిపించింది, 1969లో హోవర్డ్ పూర్తిగా రాసిపెట్టాడు, అచ్చయింది 1980లో. కాక్ (ఇప్పుడు రాక్ అని పేరు మార్చారు), లీన్ లాంటి రుజువు సాధనాలు దీని మీదే నిలబడ్డాయి. వాటిలో రుజువు రాయడమంటే ప్రోగ్రామ్ రాయడమే. కంపైల్ అయితే రుజువైనట్టు. నాలుగు రంగుల సిద్ధాంతాన్ని (ఏ పటంలోనైనా పక్కపక్క ప్రాంతాలకు వేర్వేరు రంగులు వేయడానికి నాలుగు చాలు అన్నదాన్ని) 1976లో ఆపెల్, హాకెన్ కంప్యూటర్ సాయంతో తేల్చినప్పుడు చాలామంది పెదవి విరిచారు. 2005 నాటికి గాంథియర్ దాన్ని కాక్‌లో మొత్తం రాసి సరిచూపించాడు.

సెమికోలన్ · 11:34

అక్కా, అలాంటప్పుడు మన కోడ్ కరెక్టో కాదో కంప్యూటరే చెప్పేయొచ్చు కదా? అసలు అనంతంగా తిరిగే లూపుల్నైనా ముందే పట్టేయాలి కదా?

తర్కవితర్కం · 11:52

మేష్టారు చెప్పిన 1936 సంగతి ఇక్కడికే వస్తుంది. ఏ ప్రోగ్రామ్ ఇచ్చినా ఆగుతుందో లేదో తప్పకుండా చెప్పే ‘జోస్యుడు’ అనే ప్రోగ్రామ్ ఉందనుకో. నేను ‘మొండి’ అని ఒకటి రాస్తా. అది ‘నేను ఆగుతానా?’ అని జోస్యుణ్ణి అడుగుతుంది. ఆగుతావంటే లూపులో పడి తిరుగుతుంది, ఆగవంటే వెంటనే ఆగిపోతుంది. జోస్యుడు ఏం చెప్పినా అబద్ధమే అవుతుంది. కాబట్టి అలాంటి జోస్యుడు ఉండడు.

ఇది మాటల గారడీ అనిపిస్తే, ఈ మూడు లైన్ల లూపు తీసుకో. సంఖ్య సరి అయితే సగం చెయ్యి, బేసి అయితే మూడింతలు చేసి ఒకటి కలుపు, 1 వస్తే ఆగు. 27తో మొదలుపెట్టి చూడు. 9232 దాకా ఎక్కి, 111 అడుగుల తర్వాత గాని 1కి దిగదు. 2^68 దాకా ప్రతి సంఖ్యనీ మెషీన్ల మీద పరీక్షించారు, అన్నీ ఆగాయి. అన్ని సంఖ్యలకూ ఆగుతుందని ఇప్పటికీ ఎవరూ రుజువు చేయలేదు. టెస్ట్ కేసులు ఎన్ని పాసైనా రుజువు కాదు అన్నదానికి ఇంతకన్నా పెద్ద ఉదాహరణ నాకు తెలీదు.

ఏ ప్రోగ్రామ్ గురించీ చెప్పలేం అని కాదు సుమా. అన్నిటికీ పనికొచ్చే ఒకే పద్ధతి లేదు, అంతే. ఒక్కో ప్రోగ్రామ్‌ను పట్టుకుని కష్టపడితే అవుతుంది. ఎస్ఈఎల్4 అనే ఆపరేటింగ్ సిస్టమ్ కెర్నల్‌కు (సిస్టమ్ గుండెకాయ లాంటి భాగానికి) 2009లో చేశారు. సుమారు 8,700 లైన్ల సీ కోడ్‌కు రెండు లక్షల లైన్ల రుజువు పట్టింది.

పుల్లవిరుపు · 11:57

లైనుకు ఇరవై మూడు లైన్ల రుజువా! మా మేనేజర్‌కు ఈ మాట చెబితే నా అప్రైజల్ కూడా ఆగుతుందో లేదో తెలియని లూపులో పడుతుంది.

కందగర్భం · మంగళవారం ఉదయం 6:40

రాత్రి అందరూ గ్రీకు, జర్మనీ, అమెరికా తిరిగొచ్చారు. పద్యం రాసేవాడిగా ఇంటి సరుకు ఒకటి పెడతాను. మనం బళ్లో చదివిన ఎనిమిది గణాలు ప్రాచీనుడైన పింగళుడి ఛందశ్శాస్త్రం వరసలో మ, య, ర, స, త, జ, భ, న. ఈ వరస ఎక్కణ్నుంచి వచ్చింది? గురువుకు 0, లఘువుకు 1 వేసి, ఎడమ నుంచి 1, 2, 4 విలువలు ఇవ్వండి. మ గణం మూడు గురువులు: 0. య గణం లఘువు, గురువు, గురువు: 1. ర గణం 2. ఇలా న గణం 7. ఉత్పలమాల మొదట్లో వచ్చే భ గణం గురువు, లఘువు, లఘువు: 0 + 2 + 4 = 6, ఒకటి కలిపితే ఏడో వరస. లెక్కపెట్టి చూసుకోండి, పై జాబితాలో భ ఏడోదే. పింగళుడి ప్రస్తారం (రూపాలన్నీ వరసగా రాసే పద్ధతి) ఇదే. రూపం ఇస్తే వరస సంఖ్య చెప్పడం ఉద్దిష్టం, సంఖ్య ఇస్తే రూపం చెప్పడం నష్టం.

పుల్లవిరుపు · 7:15

వచ్చేశారు. ఇంక జావా కూడా మన తాళపత్రాల్లోదే అంటారా?

కందగర్భం · 7:32

అనను నాయనా. పింగళుడు కంప్యూటర్ కనిపెట్టలేదు. పద్యాల రూపాలన్నీ ఒక్కటీ వదలకుండా, ఒక్కటీ రెండుసార్లు రాకుండా రాసే విధానం ఇచ్చాడు. మెషీన్ లేకుండానే అల్గారిథమ్ ఉండగలదు అన్నంతవరకే నా మాట.

లెక్కలమేష్టారు · 8:05

అంతవరకూ సమంజసమే. ఒక్కటీ వదల్లేదని ఎలా నమ్మడం? మూడక్షరాల జాబితా పూర్తిగా ఉందనుకుని, దాన్ని రెండుసార్లు రాసి, మొదటి సగానికి చివర గురువు, రెండో సగానికి చివర లఘువు చేరిస్తే నాలుగక్షరాల జాబితా పూర్తవుతుంది. ఇంటర్ మొదటి సంవత్సరం గణితానుగమనం అధ్యాయం. తర్కవితర్కం గారి మాటల్లో రికర్షన్.

సెమికోలన్, ఊరికే చదివితే ఏమీ అంటదు. బాబాయ్ గారి బైనరీ సెర్చ్ నువ్వే రాయి. లూపు ప్రతి చుట్టులోనూ నిజంగా ఉండే వాక్యం ఒకటి పైన తెలుగులో రాయి. దీన్ని లూప్ ఇన్వేరియంట్ అంటారు. ఫ్లాయిడ్ 1967లో, హోర్ 1969లో దారి వేశారు.

సెమికోలన్ · సాయంత్రం 5:48

వాక్యం: కీ (వెతికే విలువ) అర్రేలో ఉంటే, అది లో నుంచి హై లోపలే ఉంటుంది.

లో = 0; హై = n − 1
వైల్ (లో <= హై)
  మిడ్ = లో + (హై − లో) / 2
  ఇఫ్ (ఎ[మిడ్] < కీ) లో = మిడ్
  ఎల్స్ ఇఫ్ (ఎ[మిడ్] > కీ) హై = మిడ్
  ఎల్స్ రిటర్న్ మిడ్
రిటర్న్ −1

డల్లాస్‌బాబాయ్ · 6:10

వాక్యం బాగుందమ్మా, ప్రతి చుట్టూ నిలబడుతుంది కూడా. ఇప్పుడు అర్రే [10, 20], కీ 20 ఇవ్వు. లో 0, హై 1, మిడ్ 0. 10 < 20 కాబట్టి లో = 0. మళ్లీ మిడ్ 0. మళ్లీ లో = 0. తెల్లార్లూ తిరుగుతుంది. ‘చెప్పినదాంట్లో తప్పు లేదు’ అనేది ఒక రుజువు, ‘ఆగుతుంది’ అనేది రెండో రుజువు. రెండోదానికి ప్రతి చుట్టుకీ కచ్చితంగా తగ్గేది ఏదో ఒకటి చూపించాలి.

సెమికోలన్ · 6:31

లో = మిడ్ + 1, హై = మిడ్ − 1. ఎ[మిడ్] ఎలాగూ కీ కాదని తేలిపోయింది కాబట్టి దాన్ని వదిలేసినా వాక్యం చెడదు. హై − లో ప్రతిసారీ కనీసం 1 తగ్గుతుంది, సున్నా కన్నా కిందికి పోగానే లూపు ఆగుతుంది.

పుల్లవిరుపు · 6:40

ఖాళీ అర్రే ఇస్తే?

సెమికోలన్ · 6:47

లో 0, హై −1. లూపులోకే వెళ్లదు, −1 ఇస్తుంది. వాక్యం అప్పుడూ నిజమే. ‘కీ అర్రేలో ఉంటే’ అన్న షరతే ఎప్పటికీ నెరవేరదు కదా. పట్టికలో ‘అసత్యం అయితే ఏదైనా’ అన్న వరసకు ఎదురుగా సార్ సత్యం అని ఎందుకు రాశారా అని తిట్టుకున్నా. ఆ వరస లేకపోతే ఈ ఖాళీ అర్రే కోసం వేరే ఇఫ్ ఒకటి రాయాల్సొచ్చేది.

నైట్‌షిఫ్ట్ · 7:02

బాగుంది. ఇక నా క్వెరీ మిగిలింది. నాట్ ఇన్ తీసేసి నాట్ ఎగ్జిస్ట్స్‌తో రాసి పెట్టు. లోపల ‘మ.మేనేజర్_ఐడీ = ఉ.ఐడీ’ అని సరిచూస్తే నల్ వరస ఎందుకు అడ్డం రాదో, ఆ కారణం కూడా కిందే రాయి.

సెమికోలన్ · 7:20

సెలెక్ట్ ఉ.పేరు ఫ్రమ్ ఉద్యోగులు ఉ
వేర్ నాట్ ఎగ్జిస్ట్స్
  (సెలెక్ట్ 1 ఫ్రమ్ ఉద్యోగులు మ వేర్ మ.మేనేజర్_ఐడీ = ఉ.ఐడీ)

నల్ = 7 అంటే ‘తెలియదు’, కాబట్టి లోపలి వేర్ ఆ వరసను అక్కడే పడేస్తుంది. మిగిలినవాటిలో వరస ఉందా లేదా అన్నదొక్కటే ఎగ్జిస్ట్స్ చూస్తుంది. ఆ ప్రశ్నకు ‘తెలియదు’ అనే జవాబు రాదు, అవును లేదా కాదు అంతే. ఆరుగురు ఉద్యోగులతో నడిపి చూశా, యజమానీ ఇద్దరు మేనేజర్లూ పోగా ముగ్గురొచ్చారు.